రంగం పిల్లలు అడిగిన ప్రశ్న

2015 మార్చి 10. బర్మాలో లెట్‌పడాన్ అనే చిన్న పట్నం. జనవరి 20న మాండలే నుంచి కాలినడకన బయల్దేరిన విద్యార్థులు అక్కడికి చేరి అప్పటికి వారం దాటింది. యాంగోన్ ఇంకా నూట నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. పోలీసులు దారికి అడ్డంగా నిలబడి అడుగు కదలనివ్వలేదు. విద్యార్థులు ఒక బౌద్ధ మఠం దగ్గర ఆగి, మమ్మల్ని పోనివ్వండి అని రోజూ అడుగుతూ వచ్చారు. ఆ రోజు ఓపిక తెగింది. వాళ్ళు అడ్డును తోసుకుని ముందుకు రాబోయారు, లాఠీలు లేచాయి. కిందపడ్డవాళ్ళను కూడా కొట్టారు. 127 మందిని పట్టుకుపోయారు.

ఇంతకీ వాళ్ళు ఏం అడిగారు? అంతకు ముందు సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ విద్యా చట్టాన్ని మార్చమన్నారు. వాళ్ళ కోరికలు పదకొండు. చదువు గురించి చట్టం చేసేటప్పుడు విద్యార్థులనూ ఉపాధ్యాయులనూ కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మాకు సంఘం పెట్టుకునే హక్కు ఇవ్వండి. విశ్వవిద్యాలయాలను ప్రభుత్వ కార్యాలయాల్లా నడపకండి. కొండజాతుల పిల్లలకు వాళ్ళ తల్లిభాషలో చదువు చెప్పండి. వికలాంగులైన పిల్లలకు బడిలో చోటు ఇవ్వండి. బడ్జెట్‌లో ఇరవై శాతం చదువుకు పెట్టండి. నిర్బంధ విద్యను ప్రాథమిక పాఠశాల దగ్గరే ఆపకండి. రాజకీయ కారణాలతో వెళ్ళగొట్టిన విద్యార్థులను మళ్ళీ చేర్చుకోండి. దాదాపు ఇవే.

ఈ జాబితాను నేను చాలాసార్లు చదువుకున్నాను. ఇందులో దేశాన్ని కూలదోసే మాట ఒక్కటైనా కనపడుతుందేమోనని వెతికాను. వెతకగా వెతకగా మొదటి కోరిక దగ్గర ఆగాను. చట్టం చేసేటప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టుకోండి అన్న కోరిక అది. మిగిలిన పదీ డబ్బుతోనో, భవనాలతోనో, పాఠ్యపుస్తకాలతోనో, ఒక ఉత్తర్వుతోనో తీర్చవచ్చు. ఈ ఒక్కటి తీర్చాలంటే, నాకంటే చిన్నవాడికి కూడా తన బతుకు గురించి చెప్పే అధికారం ఉందని ఒప్పుకోవాలి. పాలకుడికి ఖజానా విప్పడం కంటే ఇది కష్టం. లాఠీ లేచింది బహుశా ఈ మొదటి కోరిక మీదే.

బర్మా మనకు పరాయి దేశం కాదు. ఉత్తరాంధ్రలో, గోదావరి తీరంలో పాతతరం వాళ్ళకు రంగూన్ (ఇప్పటి యాంగోన్) అంటే తెలియకపోవచ్చుగానీ రంగం అంటే తెలుసు. కోరంగి రేవు నుంచీ విశాఖ నుంచీ ఓడలెక్కి వేలాదిమంది రంగం పోయారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి నుంచి వచ్చారు కాబట్టి అక్కడి తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు స్థిరపడింది. మన తాతలు మూటలు మోసిన ఆ ఊళ్ళోనే, సరిగ్గా ఆ కాలంలోనే, ఈ కథ మొదలైంది.

1920లో ఆంగ్లేయ ప్రభుత్వం రంగూన్ విశ్వవిద్యాలయ చట్టం తెచ్చింది. విశ్వవిద్యాలయం వస్తోందంటే సంతోషించాల్సిందే. కానీ ఆ చట్టం కింద చదువు కొద్దిమందికే అందేలా ఉందని విద్యార్థులు చూశారు. హాస్టల్లో ఉండి తీరాలి, ఖర్చు ఎక్కువ, ఇంగ్లీషు గట్టిగా వచ్చి ఉండాలి, పెత్తనమంతా ప్రభుత్వాధికారుల చేతిలో. చట్టం చేసేటప్పుడు బర్మీయుల మాట విన్నవాళ్ళు లేరు. ష్వేడగాన్ పగోడా ప్రాంగణంలో ఒక మూల పదకొండుమంది విద్యార్థులు కూర్చుని ఆలోచించారు. డిసెంబరు 5న విశ్వవిద్యాలయాన్ని బహిష్కరించారు. బర్మా తన జాతీయ దినోత్సవాన్ని ఆ సమ్మె జ్ఞాపకంగానే జరుపుకుంటుంది. ఒక దేశం తన జాతీయ దినాన్ని యుద్ధంలో గెలిచిన రోజున గాక, పిల్లలు క్లాసులకు వెళ్ళం అన్న రోజున పెట్టుకోవడం నాకు ఎంతో విలువైన సంగతిగా తోస్తుంది.

1920లో పదకొండుమంది, 2015లో పదకొండు కోరికలు. అంకె కలవడం యాదృచ్ఛికం. ప్రశ్న కలవడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఆంగ్లేయులు పోయారు, స్వాతంత్ర్యం వచ్చింది, సైన్యం వచ్చింది, పార్లమెంటు వచ్చింది. తొంభై అయిదేళ్ళ తర్వాత కూడా పిల్లలు అడుగుతున్నది అదే. మా చదువును నిర్ణయించేది ఎవరు? వాళ్ళు మమ్మల్ని ఎందుకు అడగరు?

దీనికి పెద్దల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు మనకు తెలుసు. చదువుకోమని పంపిస్తే చదువుకోక ఈ రాజకీయాలెందుకు? మన ఇళ్ళలోనూ వినిపించే మాటే ఇది. ఇందులో ప్రేమ ఉంది, భయం ఉంది. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రి అడిగితే ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ ఆ మాట వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. చదువు అంటే తీసుకునేది, ఇచ్చేవాడు ఇస్తాడు, తీసుకునేవాడు నోరు మూసుకుని తీసుకోవాలి అన్న నమ్మకం. ఇరవై ఏళ్ళు అలా తీసుకుంటూ వచ్చినవాడు, పట్టా చేతికి రాగానే ఉన్నట్టుండి స్వతంత్రంగా ఆలోచించే పౌరుడు ఎలా అవుతాడు? ఈత రాకుండా నీళ్ళలో దిగకు అని ఒడ్డునే కూర్చోబెడితే ఆ పిల్లవాడికి ఈత ఎప్పుడు వస్తుంది?

1936లో ఏం జరిగిందో చూద్దాం. రంగూన్ విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు నూ. సంఘం పత్రికకు సంపాదకుడు ఆంగ్ సాన్. విశ్వవిద్యాలయ అధికారి ఒకరిని ఘాటుగా విమర్శిస్తూ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాడి పేరు చెప్పమన్నారు. ఆంగ్ సాన్ చెప్పనన్నాడు. ఇద్దరినీ వెళ్ళగొట్టారు. విద్యార్థులు సమ్మె కట్టి ష్వేడగాన్ దగ్గర బైఠాయించారు. చివరికి అధికారులే దిగివచ్చారు. 1920 సమ్మె తర్వాత జనం చందాలు వేసుకుని జాతీయ పాఠశాలలు పెట్టుకున్నారు. డబ్బు లేక చాలా మూతపడ్డాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవాటిలో ఒకటి యెనాంగ్‌యాంగ్‌లో ఉంది. ఆంగ్ సాన్ చదువుకున్నది అందులోనే. ఒక సమ్మె కట్టిన బడిలో చదివిన పిల్లవాడు మరో సమ్మెకు నాయకుడయ్యాడు, తర్వాత దేశ స్వాతంత్ర్యానికి నాయకుడయ్యాడు. తోటివాడి పేరు చెప్పనన్న ఆ రోజు అతను నేర్చుకున్నది ఏ పాఠ్యప్రణాళికలో ఉంది? ఏ పరీక్షలో దానికి మార్కులు వేస్తారు?

అయితే కథ ఇక్కడితో అయిపోతే తీయగా ఉండేది. ఆంగ్ సాన్ 1947లో హత్యకు గురయ్యాడు. 1948లో స్వతంత్ర బర్మాకు తొలి ప్రధాని అయినవాడు, ఒకప్పుడు విశ్వవిద్యాలయం వెళ్ళగొట్టిన ఆ నూయే. ఆయన ప్రభుత్వ కాలంలోనూ సమ్మె చేసిన విద్యార్థుల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. దీన్ని ఒక్క మనిషి పతనంగా చూడలేను. కుర్చీ మారగానే అదే ప్రశ్న వేరేగా వినపడుతుందేమో! నిన్న నోట్లోంచి వచ్చినప్పుడు న్యాయంగా తోచిన మాట, ఇవాళ చెవిలో పడితే అల్లరిగా తోస్తుందా? ఉద్యమాలు చేసి పెద్దవాళ్ళయిన ప్రతి తరమూ తనను తాను అడగాల్సిన ప్రశ్న ఇది.

1962 మార్చిలో సైన్యాధిపతి నే విన్ అధికారం లాక్కున్నాడు. ఆయనా ఒకప్పుడు ఆ విశ్వవిద్యాలయపు బెంచీల మీద కూర్చున్నవాడే, చదువు పూర్తికాకుండానే బయటికొచ్చాడు. జూలై 7న కొత్త హాస్టల్ నిబంధనలను వ్యతిరేకించిన విద్యార్థుల మీద సైనికులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళు పదిహేను పదహారుమంది అని ప్రభుత్వం చెప్పింది, వందకు పైనే అని విద్యార్థులు చెప్పారు. మర్నాడు తెల్లవారుతుండగా విద్యార్థి సంఘ భవనాన్ని డైనమైట్‌తో పేల్చేశారు.

మనుషుల్ని చంపాక ఇటుకల్ని ఎందుకు చంపాలి? ఆ భవనం ఏ నేరం చేసింది? చాలాకాలం నన్ను వెంటాడిన ప్రశ్న ఇది. ఒంటరిగా ఆలోచించేవాడు పాలకుడికి ప్రమాదం కాదు. పదిమంది ఒక చోట కూర్చుని, ఒకడి మాట ఇంకొకడు విని, కాదని వాదించి, చివరికి ఒక మాట మీదికి వస్తే అది ప్రమాదం. ఆ చోటునే లేకుండా చేశారు. ఇరవై ఆరేళ్ళ తర్వాత, 1988లో గద్దె దిగుతూ, ఆ పేల్చివేత తన ఆజ్ఞ కాదని నే విన్ చెప్పుకున్నాడు. దేశాన్ని అన్నేళ్ళు పిడికిట్లో పెట్టుకున్నవాడు కూడా ఆ ఒక్క పని తనది కాదు అనిపించుకోవాలనుకున్నాడంటే, అది ఎంత సిగ్గుపడాల్సిన పనో ఆయనకూ తెలుసన్నమాట.

కూల్చిన చోటు ఖాళీగా ఉండిపోయింది. 1974లో ఐక్యరాజ్య సమితి మాజీ ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ న్యూయార్క్‌లో చనిపోతే, రంగూన్ తెచ్చిన ఆయన భౌతికకాయానికి ప్రభుత్వం తగిన గౌరవం ఇవ్వలేదు. విద్యార్థులు శవపేటికను తీసుకెళ్ళి, చివరికి ఆ ఖాళీ స్థలంలోనే పెట్టారు. సైన్యం వచ్చి దాన్ని కూడా లాక్కుపోయింది. గోడలు లేని చోట కూడా సంఘం ఉంటుందని ఆ పిల్లలు చూపించారు.

1988 మంట ఒక టీకొట్టులో రాజుకుంది. మార్చి 12న రంగూన్ సాంకేతిక విద్యాలయం దగ్గర ఏ పాట పెట్టాలన్న చిన్న విషయం మీద గొడవ. విద్యార్థిని కొట్టినవాడు స్థానిక పెద్దమనిషి కొడుకు కావడంతో వదిలేశారు. అడగడానికి వెళ్ళిన విద్యార్థుల మీద మర్నాడు కాల్పులు జరిగాయి, ఫోన్ మో అనే విద్యార్థి చనిపోయాడు. అయిదు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 8న, దేశమంతా వీధిలోకి వచ్చింది. పాట కోసం ఇంత జరిగిందా అంటే, కాదు. అంతకుముందు సెప్టెంబరులో ప్రభుత్వం 25, 35, 75 చాట్ నోట్లు చెల్లవంది. విద్యార్థులు దాచుకున్న ఫీజు డబ్బులు ఒక్కరోజులో చిత్తుకాగితాలయ్యాయి. బతుకు బరువు, అన్యాయం, పెద్దవాడి కొడుకైతే చట్టం వర్తించదన్న అవమానం, అన్నీ కలిసి ఆ టీకొట్టులో పేలాయి. న్యాయం గురించిన పాఠం చాలామందికి పుస్తకంలో మొదలవదు. తన పక్కవాణ్ణి కొట్టినవాడు నవ్వుతూ బయటికి నడిచిపోవడం చూసిన రోజున మొదలవుతుంది.

సెప్టెంబరు 18న సైన్యం మళ్ళీ పగ్గాలు బిగించింది. ఆ ఏడాది మొత్తం మూడువేలమంది దాకా చనిపోయారని చెబుతారు. ఆ తర్వాత పాలకులు చేసిన పని ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. విశ్వవిద్యాలయాలు ఏళ్ళ తరబడి మూతపడ్డాయి. తెరిచినా, నగరానికి దూరంగా పొలాల మధ్య కొత్త ప్రాంగణాలు కట్టి పిల్లల్ని అక్కడికి తోలారు. యాంగోన్ విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణంలో డిగ్రీ విద్యార్థులు మళ్ళీ అడుగుపెట్టింది 2013 చివర్లో. ఈలోగా పెరిగిన పిల్లల సంగతేమిటి? డాక్టర్లు కావలసినవాళ్ళు, లెక్కల మేష్టర్లు కావలసినవాళ్ళు, ఏమీ కాకుండా పోయినవాళ్ళ లెక్క ఎవరు రాస్తారు? జైల్లో పడ్డవాళ్ళ పేర్లైనా మనకు తెలుస్తాయి. మిన్ కో నైంగ్ అనే విద్యార్థి నాయకుడు 1989 నుంచి 2004 దాకా జైల్లో ఉన్నాడని తెలుస్తుంది. ప్రశ్న అడగకుండానే శిక్ష పడ్డ లక్షలమందికి పేరు లేదు.

ఇక్కడిదాకా పాలకుణ్ణి ప్రశ్నించాం. అది సులువు. నేను మనసులో పక్షం వహించినవాళ్ళను కూడా ప్రశ్నించకపోతే ఈ చింతనకు అర్థం లేదు.

రంగం పోయిన మనవాళ్ళ దగ్గరికే మళ్ళీ వస్తాను. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. రాజీ కుదిరాక వాళ్ళను పొమ్మన్నాయి. ఆకలితో ఉన్న రెండు వర్గాలూ కొట్టుకున్నాయి, నెత్తురు వీధుల్లో పారింది, చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. లాభం కంపెనీలది. ఆ దేశంలో భారతీయుల్ని తక్కువ చేసి పిలిచే ఒక మాట ఉంది, కలా. 1962లో విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చిన పాలనే, రెండేళ్ళు తిరగకుండా దుకాణాలన్నీ జాతీయం చేసి, లక్షలమంది భారతీయుల్ని కట్టుబట్టలతో ఓడలెక్కించింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఆ సంగతి చెబుతూనే ఉంది. ప్రశ్నించే పిల్లవాడు, బయటివాడు అని ముద్రపడ్డ కూలీ, ఇద్దరూ ఒకే చేతి దెబ్బ తిన్నవాళ్ళు.

అదే కలా అన్న మాటతో రోహింగ్యాలనూ పిలుస్తారు. 2017లో సైన్యం దాడికి ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్ పారిపోతే, ప్రజాస్వామ్యం కోసం ఏళ్ళు జైళ్ళలో గడిపినవాళ్ళలో చాలామంది నోరు విప్పలేదు. కొందరు సైన్యాన్నే సమర్థించారు. తల్లిభాషలో చదువు కావాలి అని కొండజాతుల తరఫున నడిచిన పాదాలు, ఈ మనుషుల కోసం ఎందుకు కదల్లేదు? స్వేచ్ఛ కోరేవాడు ఎంతమందికి స్వేచ్ఛ కోరుతున్నాడు? మా అన్న మాటలో ఎవరు పడతారు, ఎవరు పడరు? చదువు మనిషికి ఇవ్వాల్సిన మొదటి చూపు ఇదే అయితే, సంఘం పెట్టుకునే హక్కు కంటే ముందు మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. అప్పుడు, తుపాకీ తమ మీదికి తిరిగాక, ఎందరో యువకులు రోహింగ్యాలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మీ బాధ ఇప్పుడు అర్థమైంది అన్నారు. ఆలస్యమైన మాటే. అయినా దాన్ని చిన్నబుచ్చలేను. తన తప్పును చూసి, నలుగురిలో ఒప్పుకున్నవాడు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేని పట్టా అందుకున్నట్టే.

ఆ సంవత్సరం ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి నడిచారు. సైన్యం కింద పనిచెయ్యం అని బడులు మానేశారు. మే నెల నాటికి లక్షా ఇరవై అయిదువేలమందికి పైగా ఉపాధ్యాయుల్ని సస్పెండ్ చేశారని వాళ్ళ సంఘం చెప్పింది. ఉద్యోగం, జీతం, నెత్తిమీది కప్పు పోగొట్టుకుని కొందరు కొండల్లో, చెట్ల కింద, ఫోన్ల ద్వారా పాఠాలు చెబుతున్నారు. పిల్లల్లో కొందరు పలక వదిలి తుపాకీ పట్టారు. 2015లో పదకొండు కోరికలు చేత్తో పట్టుకున్న తరమే ఇది. వాళ్ళను తప్పుపట్టడానికి ఇక్కడ క్షేమంగా కూర్చున్న నాకు నోరు రాదు. అలాగని తుపాకీని మెచ్చుకోలేను. తుపాకీ పట్టిన చేయి మళ్ళీ పలక పట్టగలదా? పట్టినా, ఎదుటివాడు కాదన్నప్పుడు ఓపిగ్గా వినగలదా? నూ విషయంలో జరిగింది తెలిసినవాణ్ణి కనుక ఈ ప్రశ్న దాచుకోలేను. పిల్లల్ని ఆ స్థితికి నెట్టినవాళ్ళు ఎవరన్నదానికి మాత్రం జవాబు స్పష్టంగానే ఉంది. కాగితం మీద కోరిక రాసుకొస్తే లాఠీ ఎత్తినవాళ్ళే.

మరి ఈ వందేళ్ళలో విద్యార్థులు గెలిచారా, ఓడారా? లెట్‌పడాన్‌లో పట్టుబడ్డవాళ్ళను 2016 ఏప్రిల్‌లో ఆంగ్ సాన్ కూతురు సూకీ ప్రభుత్వం విడుదల చేసింది, ఆ ప్రభుత్వం తొలిరోజుల్లో చేసిన పనుల్లో అదొకటి. అయిదేళ్ళకే ఆమే జైలుకు వెళ్ళారు. 88 తరం నాయకుల్లో ఒకరైన కో జిమ్మీని 2022 జూలైలో ఉరితీశారు. జమాఖర్చు వేస్తే చేతిలో ఏమీ మిగలదు. కానీ జమాఖర్చు వేసే పద్ధతిలోనే లోపం ఉందనుకుంటాను. 1920 నాటి పదకొండుమంది లేకపోతే యెనాంగ్‌యాంగ్ బడి లేదు, ఆ బడి లేకపోతే తోటివాడి పేరు చెప్పనన్న ఆంగ్ సాన్ లేడు. ఆ పదకొండుమంది ఆ మూల కూర్చున్నప్పుడు ఇదంతా వాళ్ళకు తెలియదు. న్యాయమని తోచిన మాట చెప్పారు, అంతే. ఫలితం చేతిలో లేనిచోట మనిషి చేయగలిగింది అదే, చేయవలసిందీ అదే. కానీ ఆ ధైర్యాన్ని పొగుడుతూ, దాని ఖరీదును పిల్లల నెత్తిన పెట్టడానికి పెద్దలకు హక్కు లేదు. పిల్లలు ప్రాణాలొడ్డి అడగాల్సి వచ్చిందంటే, మాటతో అడిగినప్పుడు పెద్దలు వినలేదన్నమాట.

బర్మా జనరళ్ళను తిట్టి చేతులు దులుపుకోవడానికి నేను ఇదంతా రాయలేదు. మన రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాల కింది విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. గొడవలయ్యాయన్నారు, హత్యలయ్యాయన్నారు, నిజమే. మంటలు లేచిన ఇంట్లో పొయ్యే వద్దంటామా? మన భవనాన్ని ఎవరూ డైనమైట్‌తో పేల్చలేదు, మనమే తాళం వేసి తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోయాం. పద్దెనిమిదేళ్ళకు శాసనసభ్యుణ్ణి ఎన్నుకోగల పిల్లవాడు తన కళాశాలలో ఒక ప్రతినిధిని ఎన్నుకోలేడు. ఫీజు ఎంతో, పరీక్ష ఎప్పుడో, హాస్టల్ తిండి ఎలా ఉండాలో నిర్ణయించే గదిలో అతనికి కుర్చీ లేదు.

రేపు మీ ఇంట్లోనో, మీ కళాశాలలోనో ఒక పిల్లవాడు ఇలా ఎందుకు అని అడిగినప్పుడు, చదువుకోక నీకెందుకు అనకండి. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, కలిసి వెతుకుదాం కూర్చో అనండి. లెట్‌పడాన్‌లో ఆ పిల్లలు అడిగింది కూడా ఇంతే, తమకు కూర్చోవడానికి చోటు.